పక్క సీటు బ్రేకు

గంటకు నూట నలభై. ఎదురుగా మలుపు. మలుపు అవతల లోయ.

బ్రేకు టీచరు పళ్ళు బిగించి, కాలితో నేలను ధన్‌మని తన్నింది. అక్కడ పెడల్ లేదు. ఎర్ర కారు రెయిలింగును విరగ్గొట్టుకుని, గాలిలో రెండు పల్టీలు కొట్టి, లోయలో తలకిందులుగా పడింది.

"అయ్యో పాపం," అంది సోఫాలో కూర్చున్న వాచిన బుగ్గావిడ.

టీవీ తెర మీద పాయింట్లు వచ్చాయి. సున్నా.

"ఇంకోసారి," అంది టీచరు.

"మేడమ్, ఇది ఇరవై మూడోసారి," అన్నాడు పళ్ళ డాక్టరు వినయంగా. "పైగా పడిన ప్రతిసారీ ముందు ఇండికేటరు కోసం వెతుకుతున్నారు. ఈ ఆటలో ఇండికేటరు ఉండదు."

"లోయలో పడేటప్పుడైనా వెనకొచ్చేవాడికి చెప్పి పడాలి కదండీ!"

అది డాక్టరు క్లినిక్కులో వెయిటింగ్ గది. లోపలి డ్రిల్లు చప్పుడు విని పేషెంట్లు పారిపోతున్నారని ఆయన అక్కడ పెద్ద టీవీ, దాని ముందు స్టీరింగూ పెడల్సూ ఉన్న రేసు ఆటా పెట్టించాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా దాన్ని టీచరుకు అప్పగించాడు. తప్పదు మరి. ఊళ్ళో సగం మందిలాగే ఆయనా ఆమె శిష్యుడు.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుంటోంది. ఆ సీటు కింద ఆమె కోసం అమర్చిన రెండో బ్రేకు ఉంది. శిష్యుడు తప్పు చేయకముందే ఆమె కాలు దాని మీద పడిపోతుంది. ఇరవై రెండేళ్ళలో ఆ కారు ఒక్క కోడిని కూడా గుద్దలేదు. అందుకే బ్రేకు టీచరు అయింది.

అలాంటి మనిషి ఆదివారానికల్లా కారును అడ్డంగా జార్చడం నేర్చుకోవాలి. లేదంటే స్కూలు మూతపడుతుంది.

కారణం లారీ తాత.

స్కూలు వెనకున్న గ్రౌండు ఆయనది. సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద ఆమె శిష్యులంతా కారు తిప్పడం నేర్చుకునేది అక్కడే. గ్రౌండు చూపించని స్కూలుకు లైసెన్సు రెన్యువల్ చేయరు. రెన్యువల్ ఈ నెలాఖరుకే. సరిగ్గా ఇప్పుడే ఆమె మరిది కూడా అదే గ్రౌండు కావాలని తాత గుమ్మంలో వాలాడు. మొన్నటిదాకా అతను వదిన దగ్గరే ట్రైనరు. ఆమె తిట్లు పడలేక పక్క వీధిలో సొంత స్కూలు తెరిచి, అందులో గాజు గది కట్టించి, గదిలో కదలని కారొకటి పెట్టాడు. కూర్చుంటే ఎదురుగా తెర మీద రోడ్డు కదులుతుంది.

సోమవారం ఇద్దరూ తాత ముందు నిలబడి గంటసేపు పోట్లాడుకున్నారు. గ్రౌండు మూల గదిలో, మోకాళ్ళకు తువ్వాలు చుట్టుకుని, తాత రేసు ఆట ఆడుకుంటున్నాడు. తెర మీద ఆయన కారు పొగలు చిమ్ముతూ అడ్డంగా పోతోంది.

"ముప్పై ఏళ్ళు గుడ్ల లోడు తోలాను," అన్నాడు చివరికి, తల తిప్పకుండానే. "ముప్పై ఏళ్ళు! ఒక్క మలుపైనా మనసుకు నచ్చినట్టు తిప్పితే ఒట్టు. కాస్త వంచితే వెనకాల చిటుక్‌మనేది. ఇప్పుడు చూడండి, ఎలా జారుతోందో నా తల్లి!"

"తాతగారూ, గ్రౌండు సంగతి..." అన్నాడు మరిది.

"ఇద్దరూ ఒకేలా పొగుడుతున్నారు, ఒకేలా విసిగిస్తున్నారు. నాకు తేడా తెలియట్లేదు. ఆదివారం పొద్దున పదకొండింటికి రండి. ఇదే కొండ ట్రాకు. తొమ్మిది మలుపులు. ఎవరి బండి బాగా జారితే గ్రౌండు వాళ్ళది."

మరిది మొహం వెలిగిపోయింది. "వదినా, పోనీ ఇప్పుడే ఒప్పేసుకుంటావా? ఆదివారం రెస్టు తీసుకోవచ్చు."

"నీకు క్లచ్చంటే ఏంటో నేర్పింది నేనురా అబ్బాయ్!"

"నేర్పావు. జారడం నేర్పలేదుగా."

ఆమె భర్త, అంటే మరిదికి స్వయానా అన్న, స్కూల్లో ఫారాలు నింపుతాడు. ఆ రోజు నుంచి ఆయన "ఊఁ" తప్ప ఇంకో మాట మాట్లాడటం మానేశాడు. ఎవరికి ఊఁ కొడుతున్నాడో ఎవరికీ అర్థం కాకుండా జాగ్రత్తపడ్డాడు.

బుధవారానికి పల్టీల లెక్క డెబ్భై దాటింది.

"సూత్రం తేలికే మేడమ్," అన్నాడు డాక్టరు, చేత్తో గాలిలో కారు తిప్పి చూపిస్తూ. "మలుపు దగ్గర ఒక్కసారి బ్రేకు తొక్కి వదిలెయ్యాలి. దాంతో బండి వెనకభాగం తేలికై, చక్రాలు జారతాయి. కుడి మలుపులో బండి జారుతోందంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. యాక్సిలరేటరు కొంచెం కొంచెంగా ఇస్తూ ఆ జారుడు నిలబెట్టాలి. గోడకి తగిలామా, ఆ మలుపు పాయింట్లు గోవిందా."

"కుడి మలుపులో ఎడమకి తిప్పడమేంటండీ! నా కారులో ఎవడైనా ఆ పని చేస్తే అక్కడే దింపేస్తాను."

"నన్ను దింపేశారు మేడమ్. రెండుసార్లు."

నిజమే. డాక్టరు ఆమె స్కూల్లో చరిత్ర సృష్టించిన శిష్యుడు. డ్రైవింగ్ టెస్టు ఏడుసార్లు తప్పాడు. ఎడమకి పొమ్మంటే కుడికి పోతాడు. యాక్సిలరేటరు తొక్కితే కారు కప్పలా గెంతుతుంది. ఒకసారి ఇన్స్పెక్టరు గారు తల రుద్దుకుంటూ కారు దిగి, మిగతా దూరం నడిచి వెళ్ళాడు. ఎనిమిదో టెస్టు వచ్చే సోమవారం.

టీచరు అసలు కష్టం ఆమె కాలిలో ఉంది. ఆటలో బండి కొంచెం జారితే చాలు, కాలు బ్రేకు మీద దభీమని పడేది. బండి చచ్చినట్టు ఆగేది. కాలిని ఆపుకుంటే చేతులు ఊరుకునేవి కావు. స్టీరింగు వదిలేసి ముందున్న బల్లను పట్టుకునేవి. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులు చేసిన పని అదే.

"నాకు బండి తోలడం రాదండీ డాక్టరుగారూ," అంది ఆమె నీరసంగా. "ఇన్నేళ్ళూ నోటితో తోలాను. తిప్పడానికి చేతులు పక్కవాడివి."

సోఫాలో ఉన్న ముసలాయన నోట్లో దూది పెట్టుకునే ఏదో ఓదార్చాడు.

గురువారం రెండింటికి క్లినిక్కు తలుపు తోసుకుని మరిది వచ్చాడు, కుడి బుగ్గ పట్టుకుని.

"ఏం వదినా, ఇక్కడున్నావ్? ఊడింది పన్నా, ధైర్యమా?"

"నా సంగతి తర్వాత. నొప్పి ఏ పక్కనో ముందు తేల్చుకో. గుమ్మంలో కుడి బుగ్గ పట్టుకున్నావు, ఇప్పుడు ఎడమది."

మరిది చెయ్యి బుగ్గ మీద బిగుసుకుపోయింది. అతని కళ్ళు మాత్రం టీవీ తెర మీదే ఉన్నాయి. అక్కడ ఎర్ర కారు తలకిందులుగా, నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ పడుంది. కిసుక్కుమన్నాడు.

"రండి, చూస్తాను," అన్నాడు డాక్టరు.

"అబ్బే, ఇప్పుడు తగ్గిపోయిందండీ."

"తగ్గే నొప్పులే ప్రమాదం. రండి."

డాక్టర్లు భుజం మీద చెయ్యి వేస్తే మనుషులు లేచి నడుస్తారు. మరిదీ నడిచాడు. కుర్చీ వెనక్కి వాలింది. లైటు మొహం మీదికి వచ్చింది. డాక్టరు చిన్న అద్దంతో లోపలికి చూసి ఉలిక్కిపడ్డాడు.

"నిజంగానే పుచ్చిందండోయ్! నొప్పి రాకముందే దొరికింది. అదృష్టవంతులు."

"డాక్టరుగారూ, నేనసలు..."

"నోరు పెద్దగా తెరవండి. పై దవడ, కుడివైపు."

డ్రిల్లు మొదలైంది. ఈ దృశ్యాన్ని వదులుకునేంత పెద్దమనసు టీచరుకు లేదు. వచ్చి తలుపు చట్రానికి ఆనుకుని నిలబడింది.

రెండు నిమిషాల తర్వాత ఆమె మరిది మొహం చూడటం మానేసి, నేల వైపు చూడసాగింది.

డ్రిల్లుకు స్విచ్చు చేతిలో లేదు. కింద ఒక పెడల్ ఉంది. దాని మీద డాక్టరు కుడికాలు. ఆ కాలు పెడల్‌ను తొక్కడం లేదు, తాళం వేస్తోంది. కాస్త నొక్కి, సగం వదిలి, మళ్ళీ వెంట్రుకవాసి నొక్కి. డ్రిల్లు బర్ర్‌మని లేచి, సన్నగిల్లి, మళ్ళీ లేచేది. ఒక్కసారీ ఆగలేదు, ఒక్కసారీ హద్దు దాటలేదు. కారును కప్పలా గెంతించిన కాలు అదే.

కొంచెం కొంచెంగా ఇస్తూ నిలబెట్టాలి. అంతేగా జారుడంటే!

అప్పుడే ఇంకొకటి కనిపించింది.

"డాక్టరుగారూ, కుడివైపు అన్నారు. మీ చెయ్యి ఎడమవైపుందే?"

"మనకి ఎడమ మేడమ్. పేషెంటుకి కుడి," అన్నాడు డాక్టరు పని ఆపకుండా. "ఎదురుగా నిలబడి చూస్తాం కదా. పదిహేనేళ్ళుగా నాకు కుడంటే ఎదుటివాడి కుడే. అలవాటైపోయింది."

"కారులో కూడానా?"

డ్రిల్లు ఆగింది. డాక్టరు మెల్లగా తలెత్తాడు. ఆయన కళ్ళ ముందు ఏడు టెస్టులూ, తల రుద్దుకుంటున్న ఇన్స్పెక్టరూ వరసగా కదిలి ఉంటారు.

"ఓరి దేవుడా," అన్నాడు.

"ఆఁ... ఆఁ..." అన్నాడు మరిది, నోరు తెరుచుకునే.

"ఇంతకాలం నాకెవరూ చెప్పలేదు మేడమ్! ఇవాళ్టి నుంచే సరిచేసుకుంటాను."

"ఆదివారం దాటకుండా సరిచేసుకున్నారంటే నేను ఊరుకోను!" అంది టీచరు. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ముందు ఇతగాడి పన్ను పూడ్చి పంపండి. మీ కాలితో నాకు పనుంది."

శుక్రవారం రెండు కుర్చీలు పక్కపక్కన వేశారు. పెడల్స్ పెట్టెను రెండింటికీ మధ్యకు జరిపారు. స్టీరింగూ యాక్సిలరేటరూ డాక్టరువి. బ్రేకు టీచరుది. ఆమె ఆయన ఎడమపక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ పక్కకు అలవాటుపడిన ఒళ్ళు ఒక్కసారిగా కుదుటపడింది.

మొదటి మలుపు. ఆమె బ్రేకు తొక్కి వదిలింది. బండి వెనకభాగం పక్కకు తేలింది. టీచరు అలవాటుగా అరిచింది:

"కుడి! కుడి! కుడి!"

డాక్టరు ఠక్కున ఎడమకి తిప్పాడు.

బండి జారింది. పొగలు చిమ్ముతూ, గోడకు జానెడు దూరంలో, అడ్డంగా, అద్భుతంగా జారింది. డాక్టరు కాలు కింద ఇంజను బర్ర్‌మని లేచి, సన్నగిల్లి, మళ్ళీ లేచింది. తెర మీద పాయింట్లు గిర్రున తిరిగాయి. సోఫాలోంచి వాచిన బుగ్గావిడ చప్పట్లు కొట్టింది.

ఆమె చెప్పినదానికి పూర్తి వ్యతిరేకంగా చేసిన శిష్యుడు, మొదటిసారి, సరిగ్గా చేశాడు.

అంతలో ఆమె కాలు మళ్ళీ బ్రేకు మీద పడింది. బండి ఠప్పున ఆగిపోయింది.

"మేడమ్!"

"తెలుసండీ, తెలుసు! అది నా కాలు కాదు, దయ్యం."

ఆ రెండు రోజులూ ఆమె కాలితో కుస్తీ పట్టింది. చెప్పు విప్పి చూసింది. బొటనవేలికి దారం కట్టి కుర్చీకి బిగించింది; కాలు కుర్చీని కూడా లాక్కుపోయింది. ఇంట్లో అన్నం తింటూ బల్ల కింద తొక్కింది. అక్కడున్నది భర్త పాదం. ఆయన "ఊఁ" అన్నాడు, ఈసారి మనస్ఫూర్తిగా.

శనివారం ఇంకో ప్రమాదం ముంచుకొచ్చింది. ఆమె "ఎడమ!" అంటే డాక్టరు ఎడమకే తిప్పాడు. బండి లోయలో పడింది.

"క్షమించండి," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "పొరపాటున సరిగ్గా తిప్పేశాను."

"రాత్రి ఇంట్లో అద్దం ముందు నిలబడి కుడిఎడమలు నేర్చుకున్నారు కదూ?"

డాక్టరు తల దించుకున్నాడు. "ఒక్క పది నిమిషాలు మేడమ్."

"మీకు దణ్ణం పెడతాను. సోమవారం దాకా ఏమీ నేర్చుకోకండి."

ఆదివారం పదకొండు. తాత గది కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. భర్త రెండు పక్షాలకూ సమాన దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ముందు మరిది ఆడాడు. కాదనడానికి లేదు, బాగా ఆడాడు. తొమ్మిది మలుపుల్లో ఒక్క ఏడోదాంట్లోనే గోడ తగిలింది. యాభై రెండు వేల నాలుగొందల పాయింట్లు. లేచి వదినకు వంగి కుర్చీ చూపించాడు.

ఆమె ఇంకో కుర్చీ కూడా లాగింది. డాక్టరు వచ్చి కూర్చున్నాడు.

"ఇదేంటి! ఇద్దరా?" మరిది గొంతు లేచింది. "తాతగారూ, ఇది అన్యాయం!"

"మా స్కూలు కారులో ఎప్పుడూ ఇద్దరమే," అంది టీచరు. "నువ్వు ఆ పక్క సీట్లోనే పనిచేశావు. మర్చిపోయావా?"

తాత గడ్డం గోక్కున్నాడు. "లారీ అంటే డ్రైవరూ, క్లీనరూ. క్లీనరు లేని లారీ నేనెప్పుడూ ఎక్కలేదు. కానివ్వండి."

ఎర్ర కారు కదిలింది.

ఒకటో మలుపు. తొక్కింది, వదిలింది. "కుడి!" డాక్టరు ఎడమకి తిప్పాడు. జారింది. రెండు. "ఎడమ!" జారింది. మూడు, నాలుగు. తాత మోకాళ్ళ మీది తువ్వాలు కిందపడింది. ఐదు, ఆరు. డాక్టరు మొహంలో పిప్పిపన్ను తీసేటప్పటి ప్రశాంతత. మరిది జేబులోంచి రుమాలు తీశాడు.

అతను తెలివితక్కువవాడు కాదు. గురువారం నోరు తెరుచుకుని పడుకున్నా, చెవులు కూడా తెరిచే ఉన్నాయి. ఏడో మలుపు కుడికి తిరగబోతుండగా గది అదిరేలా అరిచాడు:

"ఎడమ! డాక్టరుగారూ, ఎడమ!"

"కుడి!" అని అరిచింది టీచరు.

"ఎడమ! ఎడమ!"

డాక్టరు చేతులు స్టీరింగు మీద ఆగిపోయాయి. ఎవరి కుడి? ఎవరి ఎడమ? కారు గోడ మీదికి పోతోంది. ఆయన మొహం ఏడో టెస్టునాటిలా పాలిపోయింది.

"దవడ!" టీచరు గొంతు పగిలిపోయింది. "పై దవడ, కుడివైపు!"

డాక్టరు చేతులు వాటంతటవే ఎడమకి పోయాయి. కారు గోడను ముద్దుపెట్టుకోబోయి, మనసు మార్చుకుని, పక్కనుంచి జారిపోయింది.

"ఏయ్ అబ్బాయ్!" తాత మరిది మీద విరుచుకుపడ్డాడు. "గుడ్ల లోడు మీద అలా అరిచుంటే నడిరోడ్డు మీద దించేసేవాణ్ణి!"

ఎనిమిదో మలుపు. తొక్కింది, వదిలింది. ఇక మిగిలింది ఒకటే. ఎనిమిదిలో జారుతూనే అటునుంచి ఇటు ఊగి తొమ్మిదిలోకి పోవాలి. మధ్యలో బ్రేకు పడిందా, మొత్తం అయిపోయినట్టే. తెర మీద పాయింట్లు నలభై తొమ్మిది వేలు. ఇంకా చాలవు. లోయ నోరు తెరుచుకుని ఉంది. టీచరు కాలు మేలుకుంది. బొటనవేలు లేచింది. మడమ లేచింది. ఇరవై రెండేళ్ళుగా ఏ కోడికీ హాని చేయని ఆ కాలు బ్రేకు వైపు కదిలింది.

ఆమె రెండు కాళ్ళూ పైకి లాక్కుని, కుర్చీలో బాసింపట్టు వేసుకుని, వాటి మీద తన రెండు చేతులూ వేసి నొక్కేసింది.

"ఎడమ దవడండోయ్!" అని కళ్ళు మూసుకుంది.

బర్ర్‌... బర్‌... బర్ర్‌...

ఇంజను ఆగింది. ఆమె ఒక కన్ను తెరిచింది. యాభై మూడు వేల ఒకటి.

"గ్రౌండు అమ్మాయిది," అన్నాడు తాత. ఆయన కళ్ళలో నీళ్ళు. "ముప్పై ఏళ్ళు... ఒక్కసారైనా ఇలా జార్చి ఉంటే!"

"జార్చి ఉంటే ఆమ్లెట్లే తాతా," అన్నాడు మరిది ఏడవలేక నవ్వుతూ. వదిన వైపు తిరిగాడు. "సరే వదినా. ఒప్పుకున్నాను. ఇప్పుడు నా స్కూలు సంగతేంటి?"

"తట్టాబుట్టా సర్దుకుని మళ్ళీ నా దగ్గరికి రా. ట్రైనరు సీటు ఖాళీగానే ఉంది. ఆ గాజు గది కారు కూడా తెచ్చుకో."

"తిట్లు?"

"అవీ ఉంటాయి."

భర్త స్టూలు మీద నుంచి లేచాడు. వారం తర్వాత ఆయన మొదటి మాట మాట్లాడాడు. "హమ్మయ్య."

సోమవారం పొద్దున ఏడింటికి, టెస్టుకు రెండు గంటల ముందు, డాక్టరు స్కూలు కారులో సున్నపు ఎనిమిది ముందు కూర్చున్నాడు. తెల్లవారుజామున పడిన వానకు గ్రౌండు నున్నగా తడిసి ఉంది. తాత వరండాలో కాఫీ తాగుతున్నాడు.

"ఇప్పుడు కుడంటే మీ కుడే. బండిలో పేషెంటు లేడు. సరేనా?" అంది టీచరు పక్క సీట్లో సర్దుకుని.

"సరే మేడమ్."

"యాక్సిలరేటరు?"

"డ్రిల్లు లాగే. కొంచెం కొంచెంగా."

కారు గెంతలేదు. మెత్తగా కదిలి ఎనిమిది మొదటి సున్నా చుట్టూ తిరిగింది. గీత తొక్కలేదు. డాక్టరు మొహం విప్పారింది. ఈలవేశాడు. రెండో సున్నాలోకి వస్తూ, ఆ సంతోషంలో, కాలితో వెంట్రుకవాసి ఎక్కువ నొక్కాడు.

స్కూలు కారు వెనకభాగం తేలింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ కారు అడ్డంగా, బురద చిమ్ముతూ, సున్నా చుట్టూ ఠీవిగా జారింది. డాక్టరు చేతులు వాటంతటవే ఎదురు తిప్పాయి. కారు గీతల మధ్యే, పక్కకు తిరిగి, ఆగింది. వరండాలో కాఫీ గ్లాసు కిందపడిన చప్పుడు వినిపించింది.

డాక్టరు మెల్లగా పక్కకు తిరిగాడు.

"మేడమ్," అన్నాడు నమ్మలేనట్టు. "మీరు బ్రేకు వెయ్యలేదేం?"

టీచరు కిందికి చూసుకుంది. సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు వేసుకుందో ఆమెకే తెలియదు. రెండో బ్రేకు మీద ఎవరి కాలూ లేదు.

"అమ్మాయ్!" తాత వరండాలోంచి కేక వేశాడు. "దానికెన్ని పాయింట్లు?"

టీచరు అద్దం సరిచేసింది. చీర కుచ్చిళ్ళ మీద పడిన బురద దులుపుకుంది.

"సున్నా," అంది. "ఇండికేటరు వెయ్యలేదు."

డాక్టరు మొహం వాడిపోయింది.

"ఊఁ, ఏం చూస్తున్నారు? మళ్ళీ తిప్పండి," అంది ఆమె, కాళ్ళు ఇంకాస్త బిగించి మడుచుకుంటూ. "ఈసారి ఇండికేటరు వేసి జార్చండి."